కాకుల్ని తోలిన యంత్రం

మొదట లోవరాజు చేతిలో ఉన్న సరుకు ఇది: పంచాయతీ స్థలంలో పన్నెండు సెంట్ల ఎండ, ఆ ఎండలో పరిచిన పద్దెనిమిది తడికెలు, వాటి మీద ఆరబోసిన నెత్తళ్ళ చేపలు, కర్ర పట్టుకుని కాపలా కాసే భార్య పెద్దింట్లమ్మ, ఆ కర్రను బొత్తిగా లెక్కచెయ్యని కాకులు డెబ్బై దాకా. వీటన్నిటి మీదా కొత్తగా వచ్చి పడింది ఒక అర్జీ.

అర్జీ పెట్టింది పక్కింటి చలపతి మాస్టారు. హైస్కూళ్లలో ముప్పై నాలుగేళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. గోదావరి సముద్రంలో కలిసే చోటికి కాస్త ఇవతల ఉన్న ఈ ఊళ్లో, చేపలు ఎండే స్థలం పక్కనే ఆయన ఇల్లు ఎందుకు కొన్నారంటే, అందులో ఆయన తప్పేమీ లేదు, బ్రోకరు తెలివి ఉంది. ఇల్లు చూపించింది మే నెలలో. మేలో సముద్రం మీద వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. చేప లేదు, వాసన లేదు, కాకి లేదు. పక్కన ఖాళీ స్థలం, తెల్లటి ఇసుక, గోదారి గాలి. మాస్టారు గుండెల నిండా గాలి పీల్చుకుని బయానా ఇచ్చేశారు. జూన్ పదిహేనున పడవలు నీళ్లలోకి దిగాయి. ఇరవయ్యో తారీఖున మాస్టారు సామాన్లు దించుకున్నారు.

వాసన సంగతి నెలరోజుల్లో సర్దుకుంది. మాస్టారికి ఏడాది పొడుగునా జలుబు. ఆయన భార్య కనకవల్లిగారు మూడు అగరుబత్తులు ఎక్కువ వెలిగించి ఊరుకుంది. సర్దుకోనివి కాకులు. తడికె మీద చేప ఎత్తుకుని మాస్టారి పిట్టగోడ మీద కూర్చోవడం, తిన్నంత తిని మిగతాది లోపలికి వదలడం వాటి పద్ధతి. తలకాయలు నూతిలో పడేవి, ముళ్లు మడిబట్టల మీద పడేవి. మినప వడియాలు ఆరబెడితే సాయంత్రానికి వాటిలో రెండు మూడు వడియాలు కానివి కూడా ఉండేవి. చివరికి ఒక ఆదివారం ఉదయం నెత్తలి ఒకటి తిన్నగా మాస్టారి కాఫీ గ్లాసులోకి దిగింది. సోమవారం అర్జీ పంచాయతీ ఆఫీసుకు చేరింది.

నెలాఖరు మీటింగులో అర్జీ ఒప్పుకున్నారంటే లోవరాజు తడికెలు చుట్టుకుని పోవాలి. పోవడానికి చోటు లేదు. ఊళ్లో ఉన్నదంతా కొబ్బరి నీడ. నీడలో చేప ఎండదు, కుళ్లుతుంది. మండపేటలో రైస్‌మిల్లు కూలీల వీధుల్లో తొమ్మిది కొట్లు ఇరవయ్యేళ్లుగా లోవరాజు సరుకే అమ్ముతున్నాయి. రెండు వారాలు సరుకు ఆగితే ఆ కొట్లు ఇంకొకడివి అవుతాయి. ఎండు చేపల వ్యాపారంలో చేప ఎవడైనా కొనగలడు. ఎండ ఉన్నవాడిదే వ్యాపారం.

లోవరాజు ముందు మాస్టారితో మాట్లాడదామనుకున్నాడు. ఒట్టి చేతులతో వెళ్లడం అతనికి అలవాటు లేదు. కానీ తన దగ్గరున్న సరుకులో ఒక్కటి కూడా ఈయన ముట్టుకోరు. సరుకే పనికిరాని చోట బేరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, సంతలో ఒక ఆనపకాయ కొని పట్టుకెళ్లాడు.

"ఆనపకాయకి అర్జీ తీసేస్తాననుకున్నావా?" అన్నారు మాస్టారు, కాయ తీసుకుంటూనే.

"కాదండి. మీకు అసలు ఇబ్బంది దేంతోనో చెబుతారని వచ్చానండి. వాసనండి, మనుషులండి, కాకులండి?"

"కాకులు."

"కాకులు పోతే?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "వరసగా పదిహేను రోజులు నా గోడ మీద కాకి వాలకూడదు. అప్పుడు అర్జీ సంగతి ఆలోచిస్తాను. అసలు మీరు కాకుల్ని తోలే పద్ధతే సరిగా లేదు లోవరాజూ. మీ ఆవిడ పొద్దస్తమానం హుష్ హుష్ అంటూనే ఉంటుంది. ఇంగ్లీషులో దాన్ని షూ అంటారు. చిన్న మాట. కోళ్లకి, పిల్లులకి. కాకి స్థాయికి అది చాలదు."

"మేం హుష్ అంటేనే వినట్లేదండి, షూ అంటే వింటాయా."

"నేను చెప్పేది అది కాదు."

"అలాగేనండి," అన్నాడు లోవరాజు. పదిహేను రోజులన్న మాట ఒక్కటీ జేబులో వేసుకుని వచ్చేశాడు.

ఆ వారంలో అతను చెయ్యని పని లేదు. నల్లకవర్లు కట్టాడు, అవి గాలికి రెపరెపలాడుతుంటే కాకులు వాటి కిందే నీడకి కూర్చున్నాయి. మెరుపు రిబ్బన్లు కట్టాడు, ఒక కాకి రిబ్బను ముక్క తెంపుకుపోయి గూట్లో పెట్టుకుంది. తాతలనాటి వైద్యం ఒకటుందని పెద్దింట్లమ్మ గుర్తు చేస్తే, కరెంటు తీగ తగిలి చచ్చిన కాకిని వెతికి తెచ్చి గడకు వేలాడదీశాడు. కాకి చచ్చిందని తెలిసి చుట్టుపక్కల అయిదూళ్ల కాకులు పరామర్శకు వచ్చాయి. లోవరాజు లెక్కపెట్టాడు. నూట నలభై రెండు. వచ్చినవి వచ్చినట్టు వెళ్లకుండా భోజనాలు కూడా చేసి వెళ్లాయి.

"ఇంకో కాకిని వేలాడదియ్యి మావా," అంది పెద్దింట్లమ్మ. "భీమవరం కాకులు కూడా వస్తాయి."

అప్పుడు దొరికింది యంత్రం. రొయ్యల చెరువులో కొంగలు దిగకుండా పల్లంరాజు అనే రైతు కొనిపెట్టుకున్నది. రొయ్యకి జబ్బొచ్చి అతను చెరువు ఎండగట్టేశాడు. చెరువు లేనివాడికి కొంగల భయం ఉండదు కాబట్టి, రెండు గంపల ఎండు చేపలు తీసుకుని యంత్రం ఇచ్చేశాడు. ఒక నల్ల పెట్టె, దాని నెత్తిన ఎండకి పనిచేసే పలక, ముందు రెండు స్పీకర్లు, లోపల మడతపెట్టిన ఇంగ్లీషు కాగితం. కాగితం చదవగలిగినవాడు ఆ చుట్టుపక్కల ఒక్కడే. తనని వెళ్లగొట్టాలని చూస్తున్నవాడి దగ్గరికే దాన్ని పట్టుకెళ్లాలి. లోవరాజు ఒక్క క్షణమే ఆలోచించాడు. చదివి పెట్టినంత మాత్రాన ఆయనకి నష్టం లేదు, తనకి ఖర్చు లేదు. వెళ్లాడు.

పెట్టె మీద అక్షరాలు చూడగానే మాస్టారి ముఖం వెలిగింది. ఈ ఊరొచ్చాక ఆయన్ని ఇంగ్లీషు అడిగినవాడు లేడు.

"బర్డ్ రిపెల్లర్," అని పైకి చదివారు. "రిపెల్ అంటే ఏంటో తెలుసా లోవరాజూ?"

"తోలడమేనాండి?"

"అంత తేలిగ్గా తేల్చెయ్యకు. కూర్చో."

లోవరాజు కింది మెట్టు మీద కూర్చున్నాడు. మాస్టారు పై మెట్టు మీద నిలబడ్డారు, పాఠం కూర్చుని చెప్పడం ఆయనకు చేతకాదు.

"కోట మీదికి శత్రువులొచ్చారు. లోపలివాళ్లు కొట్టి వెనక్కి పంపారు. అది రిపెల్. గొడుగు గుడ్డ మీద చినుకు పడింది, లోపలికి దిగకుండా జారిపోయింది. అదీ రిపెల్లే. రెండు అయస్కాంతాలు తీసుకుని ఒకే రకం కొసలు దగ్గర పెట్టు, ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. సైన్సు మాస్టార్లు దానికీ ఇదే మాట వాడతారు. ఇక నాలుగోది." ఆయన కండువా కొసతో ముక్కు ఒత్తుకున్నారు. "ఒక వస్తువుని చూస్తేనో, దాని గాలి తగిలితేనో కడుపులో తిప్పి మనమే దూరంగా జరుగుతాం చూడు. అప్పుడు ఆ వస్తువు మనల్ని రిపెల్ చేసిందంటాం."

"నాలుగోది నా సరుకండి."

"నేనా మాట అన్లేదు."

"అన్లేదండి. ఇటు చూశారు."

"గమనించాల్సింది ఏంటంటే, మొదటి దాంట్లో తోలేవాడికి చెయ్యి ఉండాలి, కర్ర ఉండాలి. నాలుగో దాంట్లో ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరికే ఉంటే చాలు, అవతలివాడే పోతాడు."

లోవరాజుకు ఈ నాలుగోది నచ్చింది. ఖర్చు లేని పని. "మరి మీరు నామీద పెట్టిన అర్జీ ఎన్నోదండి?"

మాస్టారు నిజంగానే ఆలోచించారు. మాట గురించి ప్రశ్న వస్తే, అది తన మీదికే వచ్చిందన్న సంగతి కూడా ఆయన చూసుకోరు. "అది రిపెల్ కిందికి రాదు. దాన్ని ఎవిక్ట్ అంటారు. ఉన్న చోటు నుంచి చట్టప్రకారం ఖాళీ చేయించడం. చాలా కచ్చితమైన మాట."

"దానికి యంత్రం అక్కర్లేదాండి?"

"కాగితం చాలు," అన్నారు మాస్టారు.

తర్వాత ఆయన యంత్రం కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివారు. యంత్రంలో రెండు అరుపులున్నాయట. ఒకటి డేగ అరుపు, రెండోది డేగకి చిక్కిన కాకి అరుపు. ఒకే చోట ఉంచి ఒకే అరుపు అరిపిస్తే మూడు రోజుల్లో కాకులు కనిపెట్టేస్తాయట. అందుకని చోటు మార్చాలి, అరుపు మార్చాలి, వేళ మార్చాలి. ఇంత చెప్పాక ఆయనకు ఆగబుద్ధి కాలేదు. ముక్కుకి జేబురుమాలు కట్టుకుని, మొదటిసారి గోడ దాటి వచ్చి, తడికెల మధ్య తిరిగి, యంత్రం ఏ రోజు ఎక్కడ పెట్టాలో స్కూలు టైమ్‌టేబుల్ లాగా రాసిచ్చారు. సోమవారం ఉత్తరం మూల డేగ. మంగళవారం తూర్పు గట్టు కాకి. గురువారం మధ్యాహ్నం సెలవు.

మొదటి డేగ అరుపుకు పెద్దింట్లమ్మే కర్ర పారేసి పరుగెత్తింది. కాకులు ఆమె వెనకే లేచాయి. తొలిరోజు డెబ్బైలో నలభై మిగిలాయి. నాలుగో రోజుకి పదకొండు. ఆరో రోజున ఒకే ఒక్క ముసలి కాకి వచ్చింది, దానికి బహుశా చెవుడు. ఏడో రోజు నుంచి అదీ లేదు. ఇంతకుముందు ఎనిమిది గంపలు ఆరబెడితే ఏడు గంపలు చేతికొచ్చేవి. ఇప్పుడు ఎనిమిదికి ఎనిమిదీ వస్తున్నాయి. మాస్టారు తన క్యాలెండర్లో కాకి రాని రోజుకొక గీత పెడుతున్నారని, గోడ మీంచి చూసి, లోవరాజు తన క్యాలెండర్లోనూ పెట్టుకున్నాడు. ఎందుకైనా మంచిదని.

పన్నెండో గీత పడిన రోజు మాస్టారు గోడ దగ్గరికి వచ్చి పిలిచారు.

"లోవరాజూ, అర్జీకి రెండో పేజీ చేర్చాను."

"అదేంటండి? కాకి ఒక్కటి రాలేదు కదండి."

"కాకులు రావట్లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ డేగ ఉంది చూశావూ, తెల్లారింది మొదలు పది నిమిషాలకోసారి అరుస్తోంది. మా ఆవిడకి బీపీ పెరిగిపోతోంది. శబ్ద కాలుష్యం అని రాశాను."

"టైమ్‌టేబుల్ మీరే వేశారండి."

"టైమ్‌టేబుల్‌లో తప్పు లేదు," అన్నారు మాస్టారు, కొంచెం నొచ్చుకుని.

లోవరాజు ఆ రోజు అన్నం సరిగా తినలేదు. కొనేవాడు తూకం అయ్యాక ధర మార్చడం అతనికి కొత్త కాదు. కానీ సంతలో అలా మార్చినవాడికి సరుకు ఇవ్వకుండా గంప ఎత్తుకుని వచ్చేయొచ్చు. ఇక్కడ సరుకు ఇచ్చేశాడు. పోయిన కాకుల్ని తిరిగి ఎలా లాక్కుంటాడు? మీటింగు ఇంక అయిదు రోజులుంది.

పధ్నాలుగో రోజున మాస్టారింట్లో పొద్దున్నే హడావుడి మొదలైంది. వాళ్ల నాన్నగారి తద్దినం. కార్యం చేయించే బ్రహ్మగారిగా విష్ణుభట్ల గారు మోటారు సైకిలు మీద వచ్చారు, వెనక ఇద్దరు భోక్తలు ఆటోలో దిగారు. గారెల వాసన గోడ దాటి తడికెల మీదికి వచ్చింది. పెద్దింట్లమ్మ ముక్కు ఎగబీల్చి, "ఇవాళ మనం పెట్టొచ్చు అర్జీ," అంది.

ఒంటిగంటకి భోక్తలు భోజనం చేసి, తాంబూలం పుచ్చుకుని వెళ్లిపోయారు. ఒకటిన్నరకి గోడకి అవతల మాస్టారి తల కనిపించింది. ఒంటి మీద తడిబట్ట, వేలికి దర్భ పవిత్రం, చేతిలో ఆకు, ఆకులో అన్నం ముద్ద. కాకికి పెట్టే వాయస పిండం. దాన్ని పిట్టగోడ మీద పెట్టి ఆయన ఆకాశం వైపు చూశారు. ఆకాశం తోమిన పళ్లెంలా ఉంది. అందులో ఏమీ లేదు.

కాకి ముట్టేదాకా ఆ ఇంట్లో ఎవరూ పచ్చి మంచినీళ్లు తాగరు. రెండు గంటలైంది. విష్ణుభట్ల గారు వాచీ చూసుకున్నారు, ఆయనకు నాలుగింటికి పక్క ఊళ్లో ఇంకో కార్యక్రమం ఉంది. తూర్పు గట్టు మీద యంత్రం తన వేళకి తను, డేగకి చిక్కిన కాకి గొంతుతో హృదయవిదారకంగా అరిచింది.

"లోవరాజూ," అన్నారు మాస్టారు. గొంతు నీరసంగా ఉంది. "ముందు దాన్ని ఆపు."

లోవరాజు ఆపాడు. పావుగంట చూశారు. పిచ్చుక కూడా రాలేదు.

"ఒక్క కాకి," అన్నారు మాస్టారు. "ఎక్కణ్ణుంచైనా ఒక్కటి."

"ఒక్కటి రాదండి. కాకి విడిగా దొరకదు, హోల్‌సేలే," అన్నాడు లోవరాజు. "వస్తే అన్నీ వస్తాయి. మరి మన పదిహేను రోజుల లెక్క పోతుంది కదండి. ఇవాళ పధ్నాలుగు."

"ఇవాళ లెక్కలోకి రాదు. సరేనా?"

"అర్జీ?"

"అది వేరు, ఇది వేరు. పితృకార్యం దగ్గర బేరమా?"

పెద్దింట్లమ్మ మోచేత్తో మొగుణ్ణి పొడిచింది. లోవరాజు బేరం అక్కడ ఆపాడు. మాస్టారన్నది నిజమే. తన తండ్రికి ఏటా ఒడ్డున ముద్ద పెట్టి వెనక్కి తిరిగేలోపు ముద్ద ఉండేది కాదు. కాకి రాకపోవడమనే కష్టం ఒకటుంటుందని అతనికి ఇంతవరకూ తెలియనే తెలియదు. కాకుల్ని ఊళ్లోంచి తోలింది తను. తెచ్చి ఇవ్వాల్సిందీ తనే. అక్కడిదాకా లెక్క తేలిగ్గానే తేలింది.

కాకులు కాలవ అవతల చికెన్ కొట్టు వెనక మకాం పెట్టాయని అతనికి తెలుసు. గట్టెక్కితే కనపడేంత దూరం. మాస్టారి గోడకి పదడుగుల ఇవతల ఒక తడికె వేసి, గంపెడు నెత్తళ్ళు దాని మీద గుమ్మరించాడు. పెద్దింట్లమ్మ కర్రతో రేకు డబ్బా మీద కొట్టింది. ఇన్నేళ్లూ కాకుల్ని తోలడానికి కొట్టిన డబ్బా. ఆ మోత వినపడితే అక్కడ చేప ఉన్నట్టని కాకులు ఏనాడో కనిపెట్టాయి, వాటికది భోజనాల గంట.

ముందు ఒకటి వచ్చింది. కొబ్బరి మట్ట మీద కూర్చుని మెడ నాలుగు వైపులా తిప్పి చూసింది. డేగ లేదు. దిగింది. తర్వాత పది. తర్వాత లెక్క తప్పింది.

"వచ్చాయండీ," అంది కనకవల్లిగారు అవతల నుంచి.

వచ్చాయి. కానీ రెండు వారాల ఆకలి మీద గంపెడు నెత్తళ్ళు ముందుంటే, గోడ మీది అన్నం ముద్ద కేసి ఏ కాకి చూస్తుంది? ఒకటి మాత్రం పిట్టగోడ మీద వాలి, ముద్దకి జానెడు దూరంలో నిలబడి, తలొంచి పరీక్షగా చూసి, మళ్లీ చేపల్లోకి ఎగిరిపోయింది.

లోవరాజు చేతిలో బరకం ఉంది. వాన చినుకు పడితే తడికెల మీద కప్పే పెద్ద పట్టా అది. చేపలు కప్పేస్తే కాకులకి మిగిలేది గోడ మీది ముద్దే. ఈ ఉద్దేశంతోనే దాన్ని తెచ్చి తడికె పక్కన నిలబడ్డాడు. కాకులు ఇంకాస్త పోగవ్వనిద్దామని ఆగాడు. అంతలో అవతల విష్ణుభట్ల గారి మాట వినిపించింది.

"చలపతి గారూ, కాకి దగ్గరికొచ్చి ముట్టకుండా పోయిందంటే, మీ నాన్నగారి మనసులో ఏదో ఉంది. ఆయనకి తీరని కోరిక ఏమైనా ఉంటే తీరుస్తానని పైకి చెప్పండి."

లోవరాజు చెయ్యి బరకం మీద అలాగే ఉండిపోయింది.

మాస్టారు చేతులు కట్టుకున్నారు. "నాన్నగారూ, మన ఇత్తడి గంగాళం తమ్ముడికి ఇమ్మన్నారు. నేను ఇవ్వలేదు. వచ్చే వారం రాజమండ్రి పంపించేస్తాను."

కాకులు చేపలు తింటున్నాయి.

"చెల్లెలు ఉమాశ్రీతో మాట్లాడట్లేదు నేను. తొమ్మిదేళ్లయింది. మాట్లాడతాను. ఇవాళే ఫోన్ చేస్తాను."

"కప్పవయ్యా," అంది పెద్దింట్లమ్మ గుసగుసగా. "పాపం, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు వాళ్లు."

"ఆగవే. ధర ఇంకా పెరుగుతోంది."

"నీకు సిగ్గు లేదు మావా."

"రెండో పేజీ రాసినప్పుడు ఆయనకుందా?"

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "నేను సంస్కృతం చదవాలని మీకుండేది. ఇంగ్లీషు చదివాను." వేలి పవిత్రం సర్దుకున్నారు. "దాన్ని మాత్రం ఇప్పుడు మార్చలేను నాన్నగారూ."

ఒక కాకి గట్టిగా అరిచింది. అది ఒప్పుకున్నట్టో కాదో బ్రహ్మగారికి కూడా తేలలేదు.

కనకవల్లిగారు గోడ దగ్గరికి నడిచివచ్చింది. కాకుల కేసి చూసింది, చేపల కేసి చూసింది, బరకం పట్టుకుని బొమ్మలా నిలబడ్డ లోవరాజు కేసి చూసింది. వెనక్కి తిరిగింది.

"ఏవండీ, మావగారు బతికుండగా మన అరుగు మీంచి ఎవర్నైనా లేచి పొమ్మన్నారా?"

"దానికీ దీనికీ సంబంధమేంటి?"

"ఉందో లేదో నాకేం తెలుసు. చెప్పి చూడండి. కళ్లు తిరుగుతున్నాయి నాకు."

"చెప్పి చూస్తే పోయేదేముంది," అన్నారు విష్ణుభట్ల గారు, వాచీ చూసుకుంటూ. రెండూ నలభై.

మాస్టారు ఆకాశం కేసి చూశారు, తర్వాత ముద్ద కేసి. "సరే నాన్నగారూ. లోవరాజుని అక్కణ్ణుంచి వెళ్లగొట్టను. అర్జీ వెనక్కి తీసుకుంటాను."

"రెండు పేజీలూనాండి?" అన్నాడు లోవరాజు ఇవతల నుంచి.

"రెండు పేజీలూ."

బరకం పడింది. చేపల మీదున్న కాకులన్నీ ఒక్కసారి నల్లటి గొడుగు విప్పినట్టు లేచాయి, గాల్లో ఒక చుట్టు తిరిగాయి, కింద వెతుక్కున్నాయి, గోడ మీదికి దిగాయి. ముందుగా దిగిన దాని ముక్కున ఇంకా ఒక నెత్తలి ఉంది. అది ముద్దను చూసింది. ముక్కున ఉన్నది గోడ మీద పెట్టి, అన్నం తీసుకుంది.

"ముట్టింది," అన్నారు విష్ణుభట్ల గారు సంచీ సర్దుకుంటూ.

"అక్కడ పెట్టిందేంటండి మరి?" అన్నారు మాస్టారు.

"శాస్త్రంలో తీసుకోవడం గురించే ఉందండి మాస్టారూ," అన్నారాయన. మోటారు సైకిలు స్టార్టయింది.

మర్నాడు పంచాయతీ ఆఫీసు తెరవగానే మాస్టారు అర్జీ తాలూకు రెండు పేజీలూ వెనక్కి తీసుకుని, వాటితో తడికెల దగ్గరికి వచ్చారు. జేబురుమాలు కట్టుకోలేదు, మరిచిపోయినట్టున్నారు. కాగితాలు లోవరాజు చేతికిచ్చారు.

"ఆ పట్టా ఎప్పుడు కప్పావు లోవరాజూ?"

"కాకి వచ్చేముందండి."

"ఎంత ముందు?"

లోవరాజు అబద్ధం చెబుదామా అని చూశాడు. గిట్టుబాటు కాదనిపించింది. "మీ మాట అయ్యాకండి."

"గంగాళం దగ్గరే కప్పొచ్చు నువ్వు."

"కప్పొచ్చండి."

"ఉమాశ్రీ దగ్గరైనా."

"చెల్లెలి దగ్గర కప్పుదామనే అనుకున్నానండి. మీరు ఊపు మీదున్నారు, అడ్డు రావడం బాగుండదని ఆగాను."

మాస్టారు ముఖం ఎటూ తేలలేదు. కోపం తెచ్చుకుందామని చూస్తున్నట్టున్నారు, అది వస్తూ వస్తూ మధ్యలో ఆగిపోయింది. చివరికి, "నిన్న ఉమాశ్రీతో గంటంపావు మాట్లాడాను," అన్నారు. "నోరు మూయదు. చిన్నప్పుడూ అంతే." అని తడికెల మధ్య నుంచి, నెత్తళ్ళ మీద కాలు పడకుండా జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ వెళ్లిపోయారు.

వారం తర్వాత లోవరాజు తీరిగ్గా కూర్చుని ఎవరికెంత వచ్చిందో చూసుకున్నాడు. తన చేతినుంచి పోయింది, యంత్రానికిచ్చిన రెండు గంపలు కాక, ఇంకో గంప నెత్తళ్ళు. వచ్చింది ఎవరూ లేపని చోటు. పెద్దింట్లమ్మకు కనకవల్లిగారు గోడ మీంచి ఆకు నిండా గారెలు ఇచ్చింది, ఆమె లెక్కలో అదే అసలు లాభం. యంత్రం వారానికి నాలుగు రోజులే అరుస్తోంది, మాస్టారు అమావాస్యలూ వీధిలో వాళ్ల తద్దినాలూ చూసి కొత్త టైమ్‌టేబుల్ వేశారు. దాంతో కాకులకి వారానికి మూడు రోజుల బతుకు దొరికింది. వీధి చివర ఇద్దరు, తమ ఇంట్లో కార్యం ఫలానా రోజని, కాస్త కాకుల్ని చూడమని లోవరాజుకు ముందే చెప్పి వెళ్లారు. పోయిన పెద్దాయనకి ముద్ద అందింది, ఆయన కొడుకూ కూతురూ మళ్లీ మాట్లాడుకున్నారు. ఉమాశ్రీకి అన్నగారు దొరికారు.

అందరికంటే ఎక్కువ మిగిలింది మాత్రం రాజమండ్రిలో ఉన్న తమ్ముడికి. కాకిని తోలలేదు, పిలవలేదు, ఉపవాసం కూడా సరిగా ఉన్నాడో లేదో తెలియదు. గుమ్మం కదలకుండా అతనికి నలుగురు పట్టుకుంటే గానీ లేవని గంగాళం వచ్చింది.